చైనా తేయాకు ప్రాంతాలను పటం మీద గుర్తించడం ఎలా?

గుంటూరు_సాంఘికం:

ఈ వేదికలోని సభ్యులందరికీ నమస్కారం. నేను ముప్ఫై ఒక్క ఏళ్లు ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. మా అమ్మాయి చైనాలో, హుబే ప్రావిన్సులోని వూహాన్ నగరంలో వైద్యవిద్య చదువుతోంది. ఈసారి సెలవులకు వచ్చినప్పుడు తాను కొన్నవి కొన్ని, తోటి విద్యార్థులు ఇచ్చినవి కొన్ని, మొత్తం ఐదు రకాల తేయాకు తెచ్చింది. లోంగ్‌జింగ్, బిలువోచున్, కీమున్, దాహోంగ్‌పావ్ అనే నాలుగు రకాలు పొట్లాల్లో ఉన్నాయి. ఐదోదైన పూఅర్‌ను మాత్రం చిన్న పిడకలాగా గుండ్రంగా నొక్కి, పలచని కాగితంలో చుట్టి ఇచ్చారు. పాలూ పంచదారా పడని ఈ తేనీటి రుచి నాకు ఇంకా పట్టుబడలేదు గానీ, ఏ ఆకు ఏ కొండ మీద పండిందో తెలుసుకోవాలన్న కోరిక మాత్రం గట్టిగా పట్టుకుంది.

తరగతి గదిలో వాడిన ఆసియా గోడపటం ఒకటి నా దగ్గర ఉంది. దాని మీద ఐదు గుండుసూదులు గుచ్చుదామని కూర్చుని, మూడు చోట్ల చిక్కుపడ్డాను. బిలువోచున్ పండేది దోంగ్‌థింగ్ అనే చోటనని అమ్మాయి ఒక చీటీ మీద రాసి పెట్టింది. ఆ పేరుగల పెద్ద సరస్సు హునాన్ ప్రావిన్సులో కనబడింది కనుక సూది అక్కడ గుచ్చాను. కానీ నేను చదివిన ఒక వ్యాసం అది షాంఘై సమీపంలో పండే ఆకు అంటోంది. ఇక పూఅర్ అనే ఊరు నా దగ్గరున్న పాత అట్లాసులో ఒక చోట, కొత్త పటంలో దానికి దాదాపు ముప్ఫై కిలోమీటర్ల దక్షిణంగా మరో చోట ఉంది. పాత అట్లాసులో ఈ రెండో చోట సీమావ్ అని రాసి ఉంది. ఊరు నడిచిపోయిందా అని మా ఆవిడ నవ్వింది. మూడోది, అంతర్జాలంలోని పటంలో దాహోంగ్‌పావ్ పండే వూయి కొండల దగ్గర ఉపగ్రహ చిత్రాన్ని తెరిస్తే, పటం గీసిన రోడ్లు చిత్రంలోని రోడ్ల మీద కాకుండా పక్కనున్న ఏటిలోంచీ కొండ మీదుగానూ పోతున్నాయి.

చైనా తేయాకు ప్రాంతాలన్నిటినీ నమ్మదగినట్టుగా చూపే పటం ఏదైనా ఉందా? లేకపోతే నాబోటివాడు ఏ పటాలను, ఏ క్రమంలో చూడాలి? నాకు చైనా లిపి రాదు.

గ్వాంగ్‌జౌ_పన్నెండేళ్లు:

మాస్టారూ, నమస్కారం. టైల్స్ వ్యాపారం మీద నేను పన్నెండేళ్లు గ్వాంగ్‌జౌలో ఉన్నాను. తేయాకు నా సరుకు కాదు. కానీ అక్కడ ఏ బేరం మాట్లాడాలన్నా ముందు తేనీటి బల్ల దగ్గర గంటసేపు కూర్చోవలసిందే కనుక, నగరంలోని ఫాంగ్‌త్సున్ తేయాకు బజారులో తిరిగి తిరిగి కొంత తెలుసుకున్నాను.

మీరు అడిగిన ఒక్క పటం ఉంది, కానీ దానితో మీ పని కాదు. చైనా పాఠ్యపుస్తకాలు దేశాన్ని నాలుగు తేయాకు మండలాలుగా విభజిస్తాయి: యాంగ్జీ నదికి ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి, నైరుతి మండలం, దక్షిణ చైనా మండలం. మీ పొట్లాల్లో లోంగ్‌జింగ్, బిలువోచున్, కీమున్, దాహోంగ్‌పావ్ నాలుగూ యాంగ్జీకి దక్షిణానివి, పూఅర్ నైరుతిది. ఈ పటం అంతర్జాలంలో ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. అయితే అది హైనాన్ ద్వీపంలోని 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం నుంచి షాన్‌డాంగ్‌లోని 37 డిగ్రీల దాకా పరుచుకున్న నేలకు వేసిన నాలుగు రంగులు మాత్రమే. గుండుసూది గుచ్చాలంటే ప్రావిన్సు కాదు, జిల్లా కూడా కాదు, అంతకన్నా చిన్న కౌంటీ దాకా దిగవలసి ఉంటుంది.

మీ దోంగ్‌థింగ్ చిక్కు చాలామందికి ఎదురయ్యేదే. బిలువోచున్ పేరులోని దోంగ్‌థింగ్ ఒక కొండ పేరు. జియాంగ్సు ప్రావిన్సులో సుజౌ నగరానికి పక్కన ఉన్న థాయ్ సరస్సులో తూర్పు దోంగ్‌థింగ్ అనే ద్వీపకల్పమూ, పశ్చిమ దోంగ్‌థింగ్ అనే దీవీ ఉన్నాయి. అక్కడ పండ్ల చెట్ల మధ్య తేయాకు మొక్కలు వేస్తారు. హునాన్‌లోని దోంగ్‌థింగ్ సరస్సు దీనికి ఏడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉంది. చిత్రమేమిటంటే ఆ సరస్సులోనూ ఒక దీవి ఉంది, ఆ దీవిలోనూ పేరుమోసిన తేయాకు పండుతుంది. దీవి పేరు జూన్‌షాన్, ఆకు పేరు జూన్‌షాన్ యిన్‌జెన్. కాకపోతే అది పసుపు తేయాకు, బిలువోచున్ ఆకుపచ్చ తేయాకు. ఫెంగ్‌హువాంగ్ అనే పేరుతోనూ ఇదే తిప్పలు వస్తాయి. హునాన్‌లో ఆ పేరుతో యాత్రికులు ఎగబడే పాత పట్టణం ఉంది. దాన్‌త్సోంగ్ ఊలాంగ్ తేయాకు పండే ఫెంగ్‌హువాంగ్ కొండ మాత్రం గ్వాంగ్‌డాంగ్‌లో చావోజౌ దగ్గర ఉంది.

పూఅర్ నడిచిపోలేదు, పేరు మారింది. యున్నాన్ ప్రావిన్సులో సీమావ్ అనే జిల్లా స్థాయి నగరానికి 2007లో పూఅర్ అని పేరు పెట్టి, అప్పటిదాకా పూఅర్ కౌంటీగా ఉన్న చోటును నింగ్‌ఎర్ అన్నారు. ఆకుకున్న గిరాకీ ఊరి పేరునే లాక్కుపోయిందన్నమాట. ఇంకో సంగతి గుర్తుంచుకోండి. అక్కడ ‘షి’ అని రాసి ఉన్నదాన్ని మనం నగరం అని అనువదించుకుంటాం గానీ, నిజానికి అది ఒక పెద్ద జిల్లా. పూఅర్ ‘నగరం’ విస్తీర్ణం 45 వేల చదరపు కిలోమీటర్లకు పైనే, అంటే మన కేరళ రాష్ట్రం కన్నా పెద్దది. కనుక పటంలో పూఅర్ అన్న చుక్క మీద సూది గుచ్చితే మీరు గుచ్చినది కలెక్టరాఫీసు మీదే తప్ప తోట మీద కాదు. పైగా మీ పిడక పూఅర్ జిల్లాదే అయి ఉండాలన్న నియమమూ లేదు. యున్నాన్‌లోని 11 జిల్లాల్లో, 75 కౌంటీల్లో పండిన పెద్దాకు రకానికి ఆ పేరు వాడుకునే హక్కును చట్టం ఇచ్చింది. పేరున్న కొండల్లో చాలా వాటికి చిరునామా పూఅర్ కాదు, షీష్వాంగ్‌బన్నా అనే పక్క జిల్లా.

పేర్ల మార్పు ఇంతటితో ఆగదు. వూయిషాన్ నగరం 1989 దాకా చోంగ్‌ఆన్ కౌంటీ. కీమున్‌కు పుట్టినిల్లయిన చిమెన్ కౌంటీ ఇప్పుడు హువాంగ్‌షాన్ నగరం కింద ఉంది; 1987కు ముందు ఆ ప్రాంతం పేరు హుయిజౌ. యుద్ధకాలంలో, 1939లో, యున్నాన్ ఎర్ర తేయాకు మొదటిసారి తయారైన షున్‌నింగ్‌ను ఇప్పుడు ఫెంగ్‌చింగ్ అంటారు. పాత పుస్తకం చదివి కొత్త పటంలో వెతికితే దొరకనివి ఇలాంటివే.

లిపి రాదన్నారు కాబట్టి, నాకు ఒక తేయాకు వర్తకుడు నేర్పిన చిట్కా చెబుతాను. పొట్లం వెనక, చిన్న అక్షరాల మధ్య, ఇంగ్లీషు లిపిలో ఎస్, సీ అనే రెండు అక్షరాలూ వాటి పక్కనే 14 అంకెలూ ఉంటాయి. అది ఆహార పదార్థాల తయారీ అనుమతి సంఖ్య. మొదటి మూడంకెలు సరుకు రకాన్ని చెబుతాయి, తేయాకుకు 114. ఆ తరువాతి ఆరంకెలనూ రెండేసి చొప్పున విడదీసుకోండి: మొదటి రెండు ప్రావిన్సు, తరువాతి రెండు జిల్లా, ఆ తరువాతి రెండు కౌంటీ. 33 జెజియాంగ్, 34 అన్హుయి, 35 ఫుజియాన్, 53 యున్నాన్. ఈ ఆరంకెల పట్టిక ప్రభుత్వానిదే కనుక వెతికితే తేలిగ్గా దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి: ఆ సంఖ్య తయారీదారు చిరునామాను చెబుతుంది గానీ ఆకు కోసిన తోటను చెప్పదు. చాలాసార్లు రెండూ ఒకే కౌంటీలో ఉంటాయి, కొన్నిసార్లు ఉండవు.

ఈ తేడా తెలియక నేను ఒకసారి చేయి కాల్చుకున్నాను. ఏప్రిల్ మొదటి వారంలో హాంగ్‌జౌకు పోయి, ఒక దుకాణంలో పశ్చిమ సరస్సు లోంగ్‌జింగ్ అంటే నమ్మి, అరకిలోకు అడిగినంత ఇచ్చి కొన్నాను. గ్వాంగ్‌జౌ తిరిగొచ్చాక ఒక మిత్రుడు పొట్లం తిప్పి చూసి, ఇది షిన్‌చాంగ్ ఆకు అన్నాడు. నకిలీ కాదు, ఎందుకంటే లోంగ్‌జింగ్ అనే పేరు చట్టప్రకారం మూడు ప్రాంతాలకు చెల్లుతుంది: పశ్చిమ సరస్సు, చియెన్‌తాంగ్, యుయేజౌ. షిన్‌చాంగ్ ఈ మూడోదానిలోకి వస్తుంది. కానీ నేను ఇచ్చిన ధర మొదటిదానిది. ఆ మొదటి ప్రాంతం మొత్తం 168 చదరపు కిలోమీటర్లే, అంటే 650 చదరపు కిలోమీటర్ల పాత హైదరాబాదు నగరపాలక పరిధిలో నాలుగో వంతు. అంత చిన్న చోట పండే ఆకు లోకమంతటా ఎలా దొరుకుతుందని నేను ఆ రోజు దుకాణంలో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

అక్షాంశం_రేఖాంశం:

పై సమాధానం చాలా ఉపయోగకరంగా ఉంది. నేను పటాల తయారీ రంగంలో పనిచేస్తున్నాను కనుక మాస్టారి మూడో ప్రశ్న నా వంతు. దానికన్నా ముందు చిన్న సవరణ.

పూఅర్ నైరుతి మండలానిదని పైన రాశారు. యున్నాన్ మొత్తానికీ ఒకే రంగు వేసే పటాలు అలాగే చూపుతాయి. కానీ ఆ నాలుగు మండలాల విభజనను వివరంగా చదివితే, దక్షిణ చైనా మండలపు ఉత్తర హద్దు ఫుజియాన్, గ్వాంగ్‌డాంగ్, గ్వాంగ్‌షీల మీదుగా వచ్చి యున్నాన్‌ను కూడా చీలుస్తుంది. నాన్‌పాన్ నది, వూలియాంగ్ కొండలు, బావ్‌షాన్‌లకు దక్షిణంగా ఉన్న భాగమంతా, అంటే షీష్వాంగ్‌బన్నాతో సహా పూఅర్ పండే నేలలో ప్రధాన భాగం, దక్షిణ చైనా మండలంలోకే వస్తుంది. ఫుజియాన్ కూడా ఇలాగే రెండు ముక్కలవుతుంది: ఉత్తరాన ఉన్న వూయి ఒక మండలంలో, దక్షిణాన ఉన్న ఆన్‌షీ మరో మండలంలో పడతాయి. వాతావరణం ప్రావిన్సు సరిహద్దుల వెంట నడవదు కాబట్టి ఇదే సబబైన విభజన. రంగులు వేసేవారికే ప్రావిన్సుల హద్దులు సులువు.

ఇక రోడ్లు ఏటిలో పడిన సంగతి. ప్రపంచంలో దాదాపు అందరూ వాడే నిరూపకాల వ్యవస్థ, అంటే ఒక చోటును అక్షాంశ రేఖాంశాల్లో చెప్పే పద్ధతి, ఒకటైతే, చైనాలో ప్రజలకు అందించే పటాలు చట్టరీత్యా వాడవలసిన వ్యవస్థ మరొకటి. దాని పేరు జీసీజే-02. అసలు స్థానాన్ని ఒక సూత్రం ప్రకారం కావాలనే కొంత పక్కకు జరిపి చూపిస్తుంది. ఆ జరుగుడు అన్ని చోట్లా ఒకేలా ఉండదు, వంద మీటర్ల నుంచి కొన్ని వందల మీటర్ల దాకా మారుతుంటుంది. అక్కడి సాంకేతిక నిపుణులు దీన్ని సరదాగా అంగారక నిరూపకాలు అంటారు. మీరు చూసిన సేవలో రోడ్లు ఈ జరిపిన వ్యవస్థలో, ఉపగ్రహ చిత్రం అసలు వ్యవస్థలో ఉన్నాయి. అందుకే ఒకదాని మీద ఒకటి కూర్చోలేదు. గోడపటానికి ఈ తేడా లెక్కలోకి రాదు. కానీ వూయి కొండల్లో ఎర్రని ఇసుకరాతి గుట్టల మధ్యనున్న సన్నని లోయల్లో తేయాకు పండుతుంది, ఆకు ధర లోయను బట్టి మారిపోతుంది. అక్కడ నాలుగు వందల మీటర్ల తప్పు మిమ్మల్ని పక్క లోయలో దింపుతుంది.

తప్పించుకునే దారులు రెండు ఉన్నాయి. ఔత్సాహికులు కలిసి గీసే ఉచిత అంతర్జాల పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఈ జరుగుడు లేదు, అయితే చైనా పల్లెల వివరాలు పలచగా ఉంటాయి. చైనా ప్రభుత్వపు థియాన్‌దితు పటసేవలో పల్లెల పేర్లు దండిగా ఉంటాయి. అది వాడే జాతీయ వ్యవస్థకూ అంతర్జాతీయ వ్యవస్థకూ మన అవసరానికి తేడా లేదు. చైనా లిపిలో పేరు అతికించి వెతకాలి కనుక ఈ ఒక్క పనికి మీ అమ్మాయి సాయం అడగండి.

అసలు మాస్టారు అడిగినవాటికి అన్నిటికన్నా దగ్గరి పటాలు తేయాకు పుస్తకాల్లో ఉండవు, ప్రమాణ పత్రాల్లో ఉంటాయి. భౌగోళిక గుర్తింపు పొందిన ప్రసిద్ధ తేయాకుల్లో కొన్నింటికి చైనా జాతీయ ప్రమాణం ఉంది, దాని చివర అనుబంధంగా రక్షిత ప్రాంతపు పటం జోడించి ఉంటుంది. లోంగ్‌జింగ్‌కు జీబీ/టీ 18650, వూయి రాతి తేయాకుకు 18745, దోంగ్‌థింగ్ కొండ బిలువోచున్‌కు 18957, పూఅర్‌కు 22111. గీతలు మోటుగా ఉంటాయి, అచ్చు మసకగా ఉంటుంది. అయినా ఇవి చట్టం గీసిన గీతలు, వర్తకులు గీసినవి కావు. మెరుగైన ముద్రణ కావాలంటే, 2023 సెప్టెంబరులో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన జింగ్‌మాయ్ కొండ పత్రాలను యునెస్కో గూటిలో తెరవండి. పాత తేయాకు అడవులు, వాటి మధ్యనున్న పల్లెలు, రక్షణ వలయం వేరువేరుగా గీసిన పటాలు అందులో ఉన్నాయి. ఒక తేయాకు కొండను అంత శ్రద్ధగా గీసిన పటాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

కొండల ఎత్తుపల్లాలు చూడాలనుకుంటే అమెరికా సైన్యపు పటాల విభాగం 1954 ప్రాంతంలో వేసిన ఎల్500 శ్రేణి ఉంది. స్కేలు 1:2,50,000, అంటే పటంలో ఒక సెంటీమీటరు నేల మీద రెండున్నర కిలోమీటర్లు. టెక్సస్ విశ్వవిద్యాలయం గ్రంథాలయం వీటిని ఉచితంగా ఉంచింది. సమోన్నత రేఖలు చదవడం మీకు నేర్పనవసరం లేదు. యున్నాన్ దక్షిణపు షీట్లను తెరిచి మెకాంగ్ నదిని పట్టుకోండి. అక్కడ దాని పేరు లాన్‌త్సాంగ్. నదికి తూర్పున యీవూ, యీబాంగ్ మొదలైన ఆరు పాత తేయాకు కొండలు, పడమరన మెంగ్‌హాయ్ కౌంటీలోని నాన్నువో, బులాంగ్ కొండలు ఉంటాయి. పూఅర్ తాగేవారు తూర్పు, పడమర అని వాదించుకునేదంతా ఈ నదికి అటూ ఇటూ ఉన్న కొండల గురించే.

మీరు సాంఘికం మాస్టారు కనుక ఇంకొక్క మాట. గోడపటం మీద చిన్‌లింగ్ పర్వతాల నుంచి హువాయ్ నది వెంట సముద్రం దాకా ఒక గీత గీయండి. అది సుమారుగా 800 మిల్లీమీటర్ల వర్షపాత రేఖ, జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలుండే రేఖ కూడా అదే. దాని దక్షిణాన ఆమ్ల గుణం గల ఎర్ర, పసుపు నేలలు ఉంటాయి, తేయాకు మొక్కకు కావలసినవి అవే. ఉత్తరాన సున్నం శాతం ఎక్కువైన నేలలు మొదలవుతాయి. చైనా తేయాకు దాదాపు అంతా ఆ గీతకు దక్షిణానే ఉంది. గీత దాటిన చోట్లలో ముఖ్యమైనది షాన్‌డాంగ్ తీరం. 1950ల తరువాత దక్షిణాది మొక్కలను తెచ్చి అక్కడ అలవాటు చేశారు, చలికాలంలో మొక్కలకు పైకప్పు వేసి కాపాడుకుంటారు.

పాత_పుటలు:

పటం అనగానే మనం గీతల గురించే మాట్లాడుతున్నాం గానీ, చైనా తేయాకు ప్రాంతాల తొలి జాబితా మాటల్లోనే ఉంది. ఎనిమిదో శతాబ్దంలో లూ యూ రాసిన తేయాకు గ్రంథం ఎనిమిదో అధ్యాయంలో నాటి థాంగ్ రాజ్యంలో తేయాకు పండే చోట్లను ఎనిమిది ప్రాంతాలుగా విడదీసి, వాటిలో ఐదింటిలో ఏ ఊరి ఆకు మేలు, ఏ ఊరిది మధ్యమం, ఏ ఊరిది అధమం అని తూచి చెబుతుంది. చిత్రంగా అందులో యున్నాన్ లేదు. ఆ నేల అప్పుడు నాన్‌జావ్ అనే వేరే రాజ్యం చేతిలో ఉండేది. నేడు తేయాకు మొక్కకు పుట్టిల్లుగా అందరూ తలచే నేల తొలి తేయాకు గ్రంథంలో కనబడకపోవడానికి కారణం వృక్షశాస్త్రం కాదు, రాజకీయ సరిహద్దు. మాస్టారి అమ్మాయి వూహాన్‌లోనే ఉన్నారు కనుక చెబుతున్నాను: లూ యూ పుట్టిన జింగ్‌లింగ్, నేటి థియెన్‌మెన్, అదే హుబే ప్రావిన్సులో వూహాన్‌కు పడమటి దిక్కున ఉంది.

పాత ఐరోపా పటాలు చూసేటప్పుడు ఊళ్ల పేర్లు రేవుల యాసలో ఉంటాయని గుర్తుంచుకోవాలి. కాంటన్ అంటే గ్వాంగ్‌జౌ, అమోయ్ అంటే షియామెన్. పాత సరుకు చిట్టాల్లో కనబడే బోహియా అనేది వూయి కొండల పేరుకే తీరవాసుల ఉచ్చారణ. కీమున్ కూడా చిమెన్‌కు పాత రాత మాత్రమే. ఆ తీరపు యాసను మనమూ రోజూ పలుకుతున్నాం. ఫుజియాన్ దక్షిణ తీరంలో ఈ ఆకును ‘తే’ అంటారు, మిగతా చైనాలో చాలా చోట్ల ‘చా’ అంటారు. ఓడల మీద పోయిన మాట మన తేయాకులోనూ, టీలోనూ ఉంది. నేల మీద నడిచివచ్చిన మాట హైదరాబాదు చాయ్‌లో ఉంది.

గుంటూరు_సాంఘికం:

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న మధ్యాహ్నం భూతద్దం పట్టుకుని పొట్లాలన్నీ తిప్పి చూశాను. అంకెలు నిజంగానే ఉన్నాయి. అయిదింటిలోనూ మొదట 114 చూసి, పరీక్షలో ప్రశ్న ముందే తెలిసిన పిల్లవాడిలా సంతోషించాను. ఆకు ఏ జిల్లాదైతేనేం, మరిగించేది మన కుళాయి నీళ్లే కదా అని మా ఆవిడ అంది గానీ, ఆ మాట పట్టించుకోలేదు.

లోంగ్‌జింగ్ పొట్లం మీద 330106 అని ఉంది. పట్టికలో చూస్తే హాంగ్‌జౌలోని పశ్చిమ సరస్సు విభాగం. కీమున్ మీద 341024, అది చిమెన్ కౌంటీయే. దాహోంగ్‌పావ్ మీద 350782, వూయిషాన్. పిడక మీద 532822, షీష్వాంగ్‌బన్నాలోని మెంగ్‌హాయ్. అంటే మీరన్నట్టు లాన్‌త్సాంగ్ నదికి పడమరన, పూఅర్ అన్న చుక్కకు చాలా దూరాన. నాలుగు సూదులూ తడుముకోకుండా గుచ్చాను.

బిలువోచున్ దగ్గర మళ్లీ ఆగిపోయాను. జియాంగ్సుకు 32 ఉండాలి కదా, పొట్లం మీద 511803 అని ఉంది. 51 అంటే సిచువాన్, 5118 అంటే యా-ఆన్, చివరిది మింగ్‌షాన్ విభాగం. థాయ్ సరస్సుకూ దానికీ మధ్య దూరం స్కేలు పెట్టి కొలిస్తే పదహారు వందల కిలోమీటర్లు దాటింది. నేను హునాన్‌లో గుచ్చాను, మీరు జియాంగ్సు అన్నారు, పొట్లమేమో సిచువాన్ అంటోంది. ఇప్పుడు సూది ఎక్కడ గుచ్చమంటారు?

గ్వాంగ్‌జౌ_పన్నెండేళ్లు:

ముందుగా యున్నాన్ విషయంలో సవరణకు ధన్యవాదాలు. పన్నెండేళ్లు ఆ తప్పు పటాన్నే చూశాను.

మాస్టారూ, పొట్లం మీద దోంగ్‌థింగ్ అని అచ్చయి ఉందా, లేక అది అమ్మాయి చీటీలో మాత్రమే ఉందా చూడండి. చట్టం కాపాడేది దోంగ్‌థింగ్ కొండ బిలువోచున్ అనే పూర్తి పేరును. బిలువోచున్ అనే మూడక్షరాలు మాత్రం ఆకును నత్తగుల్లలా చుట్టే పద్ధతికి పేరుగా దేశమంతటా పాకిపోయాయి. యా-ఆన్‌లో వసంతం ముందుగా వస్తుంది, థాయ్ సరస్సు దగ్గర చిగురు తొడగకముందే అక్కడ కోత మొదలవుతుంది. ఆ లేత ఆకును ఆ పద్ధతిలో చుట్టి అమ్మితే కొత్త పంట కోసం ఎదురుచూసేవారు కొంటారు. మీకు అందినది అలాంటిదే అయి ఉంటుంది. అదేమీ తక్కువ నేల కాదు. మింగ్‌షాన్‌లో ఉన్నది మెంగ్‌డింగ్ కొండ, చైనాలో తేయాకు నాటిన అతి పాత చోట్లలో ఒకటిగా ఐతిహ్యం చెప్పుకునే కొండ. సూది అక్కడే గుచ్చండి.

గుంటూరు_సాంఘికం:

మీ అనుమానమే నిజమైంది. ఫోనులో అమ్మాయికి పొట్లం చూపించాను. దాని మీద మూడే అక్షరాలున్నాయట, దోంగ్‌థింగ్ అన్నది తాను ఎక్కడో విని రాసిందట. సూదిని మింగ్‌షాన్‌లో గుచ్చి, దాని మెడకు ఎర్రదారం కట్టి, రెండో కొసను థాయ్ సరస్సు దాకా లాగి అంటించాను. హునాన్‌లో నేను మొదట గుచ్చిన చోట పటానికి చిల్లు పడి అలాగే ఉండిపోయింది. ఆ సరస్సు వూహాన్‌కు దగ్గరే కనుక, వచ్చే సెలవులకు జూన్‌షాన్ ఆకు తెచ్చి ఆ చిల్లు పూడుస్తానని అమ్మాయి అంటోంది.